యెహెజ్కేలు వంద మీటర్లు

ధవళేశ్వరంలో సూర్యప్రకాశం మాస్టారిని చూసి వాచీలు సరిచేసుకునేవారంటే అందులో అతిశయోక్తి పిసరంత కూడా లేదు. ఆయన సైకిలు కాలవ గట్టెక్కిందంటే ఎనిమిదీ ఇరవై. హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు చెప్పి 2003లో రిటైరయ్యాక కూడా, సరిగ్గా అదే వేళకి అదే గట్టు మీద నడిచి వెళ్ళి పేపరు కొని తెచ్చుకునేవారు. బడి లేదు, గంట లేదు, ఆ తొందరేమిటో ఆయనకే తెలియాలి. అంతటి మనిషి జన్మలో ఒకే ఒక్కసారి కాలం తప్పు చూశారు. తప్పు కూడా ఎంతని, సెకనులో మూడు పదోవంతులు. ఆ సంగతి ఆయనకి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు.

2008 ఆగస్టులో ఒక శుక్రవారం బుల్లియ్య ఆయన ఇంటికి వచ్చాడు. బుల్లియ్యది బస్టాండు దగ్గర జిరాక్సు షాపు. వయసులో ఉన్నప్పుడు ధవళేశ్వరం ఫుట్‌బాల్ టీముకి గోల్‌కీపరు. చంకలో చుట్టిన కాగితం ఒకటి పట్టుకొచ్చాడు.

"మాస్టారూ, ఆదివారం గ్రౌండులో ఎజ్కేలు సంస్మరణ సభ పెట్టుకున్నామండి. తమరు మాట్లాడాలి. ఇదిగో, ఫ్లెక్సీ ప్రూఫు. ఆ నంబరొక్కటీ సరిచూసి పెట్టండి. తమ చేత్తో రాసిందే కదా."

కాగితం నిండా యెహెజ్కేలు నవ్వుతున్నాడు. పచ్చ బనియను, చంకలో బంతి. కింద ఎర్రటి అక్షరాలతో '100 మీటర్లు: 10.8 సెకన్లు' అని ఉంది. మనిషి పోయి అప్పటికి ఇరవై రోజులు. పచ్చకామెర్లు ముదిరి, ముప్ఫై నాలుగేళ్ళకే రాజమండ్రి ఆస్పత్రిలో కన్ను మూశాడు.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "ఇక్కడ ఉంచు బుల్లియ్యా. రేపు చెబుతాను" అన్నారు.

"అలాగేనండి. వాడి కూతురు కెజియా కూడా బాణంలా పరిగెడుతుందండి. మంగళవారం కాకినాడలో జిల్లా సెలక్షన్లు. కానీ వాళ్ళమ్మ పంపనంటోంది. మా రక్తంలోనే భయం ఉంది, పిల్లని పరుగులకి పంపొద్దు అని ఎజ్కేలు చెప్పి పోయాడంట." బుల్లియ్య మెట్లు దిగుతూ నిట్టూర్చాడు. "పది పాయింటు ఎనిమిది పరిగెత్తినవాడికి భయమేంటండీ, మీరు చెప్పండి."

చెప్పవలసినవాడు తనే అని మాస్టారి గుండెకి తెలుసు.

యెహెజ్కేలు తండ్రి కాలవ లాకుల దగ్గర లస్కరు, అంటే నీటి తలుపులు ఎత్తి దించే మనిషి. పిల్లవాడికి పరుగు ఎవరూ నేర్పలేదు. తండ్రికి అన్నం క్యారేజీ పట్టుకుని గట్టు మీద పరిగెత్తడమే వాడి ప్రాక్టీసు. చారు తొణికితే తల్లి తిట్టేది కాబట్టి, నడుం పైన కదలకుండా కాళ్ళతో మాత్రమే పరిగెత్తడం అలవాటైపోయింది. పదో తరగతికి వచ్చేసరికి బడిలో వాడి పక్కన నిలబడి పరిగెత్తడానికి ఎవరూ ఇష్టపడేవారు కాదు. ఓడిపోతామని కాదు, మరీ అంత వెనకపడితే ఆడపిల్లలు నవ్వుతారని.

1991 జనవరి ఇరవై ఆరున స్కూలు ఆటల పోటీలు. బడి మొత్తానికి ఒకటే స్టాప్‌వాచీ, అది సైన్సు ల్యాబుది. అది మాస్టారి చేతిలో ఉండడం ఎవరూ ప్రశ్నించని ఆచారం. డ్రిల్లు మాస్టారు అటు పరుగు మొదలయ్యే గీత దగ్గర నిలబడి ఈల ఊదుతూ, అదే క్షణంలో ఎత్తిన ఎర్ర జెండా కిందికి దించేవాడు. వాచీ పట్టేవాడు జెండాని చూసి నొక్కాలి. పద్ధతి అది. కానీ సూర్యప్రకాశం మాస్టారికి తన కళ్ళ మీద కన్నా చెవుల మీద నమ్మకం ఎక్కువ. కళ్ళజోడు వచ్చిన కొత్తరోజులవి, దూరంగా ఉన్న జెండా కాస్త చెదిరినట్టుండేది. అందుకని ఆయన కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, ఈల వినబడగానే నొక్కారు. ఆ శ్రద్ధ చూసి పక్కనున్న హెడ్మాస్టరు మెచ్చుకున్నాడు కూడా.

వాచీలో 10.8 వచ్చింది. మాస్టారు మూడుసార్లు చూసి, చుట్టూ ఉన్న అందరికీ చూపించి, రికార్డు పుస్తకంలో తన గుండ్రటి చేతిరాతతో రాసి సంతకం పెట్టారు. సాయంత్రానికి ఊరంతా అదే మాట. మర్నాటి నుంచి ఆ కుర్రాడి పేరే మారిపోయింది. టీకొట్టు దగ్గర, లాకుల దగ్గర, చర్చి గుమ్మంలో అందరూ 'టెన్ పాయింట్ ఎయిట్' అని పిలిచారు.

ఆ సర్టిఫికెట్టు చూసి హైదరాబాదులో ఒక స్పోర్ట్స్ హాస్టలు వాళ్ళు ఏప్రిల్లో సెలక్షనుకి పిలిచారు. తండ్రీ కొడుకూ రాత్రి బండెక్కి వెళ్ళారు. యెహెజ్కేలు అక్కడ 11.1లో పరిగెత్తాడు. కోచ్ మంచివాడే. కాగితం వైపూ, కుర్రాడి వైపూ చూసి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ పరిగెత్తించాడు. మళ్ళీ 11.1. నెల్లూరు నుంచి వచ్చినవాడు కాగితం మీద 11.3, ట్రాకు మీద 11.2. వాణ్ణి తీసుకున్నారు. వీడి తండ్రితో కోచ్ అన్న మాట ఒక్కటే: "మీవాడు మూడు నెలల్లో ఇంత పడిపోయాడంటే, పదిమందిలో బెదిరే రకమైనా అయ్యుండాలి, ఒళ్ళు దాచుకునే రకమైనా అయ్యుండాలి. పెరిగేవాడిని తీసుకుంటాం గాని తగ్గేవాడిని తీసుకోలేమండి."

బండి దిగి ఇంటికి వస్తూ ఆ తండ్రి కొడుకుని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదేమో. మాస్టారు గట్టు మీద ఎదురై ఏమైందని అడిగితే, పదహారేళ్ళ కుర్రాడు నేల చూపులు చూస్తూ "కాళ్ళు ఆడలేదండి. భయపడిపోయానండి" అన్నాడు. మాస్టారు భుజం తట్టి, ఆత్మవిశ్వాసం గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చారు. తరవాత ఆ పావుగంట తలుచుకున్నప్పుడల్లా ఆయనకి తల కొట్టేసినట్టుండేది.

యెహెజ్కేలు ఆపైన వాచీ ముందు పరిగెత్తలేదు. ఫుట్‌బాల్లో పడ్డాడు. బంతి వెనక ఎంత పరిగెత్తినా కాలం చూసేవాడు ఉండడు కదా. కుడివైపు గీత వెంట వాడు బంతిని ముందుకి తోసి దాన్ని తనే తరుముకుపోతుంటే, కాకినాడ, ఏలూరు, అమలాపురం టీములు నోళ్ళు వెళ్ళబెట్టి చూశాయి. తండ్రి పోయాక ఆ లస్కరు ఉద్యోగమే వాడికి వచ్చింది. పగలు తలుపులు ఎత్తి, సాయంత్రం గోలు కొట్టేవాడు. మ్యాచి ఉందంటే ధవళేశ్వరం నుంచి రెండు వ్యాన్లు బయల్దేరేవి. తరవాత వాడి భార్య అయిన అంగన్‌వాడీ టీచరు సంపూర్ణమ్మ వాణ్ణి మొదట చూసింది కూడా అలాంటి ఒక వ్యాను వెనక సీట్లోంచే.

కానీ ఒక్కటి. పెనాల్టీ వస్తే వాడు తన్నేవాడు కాదు. జనమంతా 'టెన్ పాయింట్ ఎయిట్' అని కేకలు వేస్తుంటే బంతి తెచ్చి ఇంకెవరి కాళ్ళ దగ్గరో పెట్టేవాడు. బుల్లియ్య విసుక్కుంటే, "ఒక్కడినీ నిలబెట్టి అందరూ చూస్తే నా వల్ల కాదురా. హైదరాబాదులో తేలిపోయిందిగా" అనేవాడు నవ్వుతూనే.

మాస్టారికి నిజం తెలిసింది 1996లో. ఎనిమిదో తరగతికి ధ్వని పాఠం చెబుతున్నారు. ఏటా చెప్పే పాఠమే, ఏటా చెప్పే ఉదాహరణే. కిటికీలోంచి కాలవ అవతలి చాకిరేవు చూపించి, "చూడండర్రా. బట్ట బండకి తగలడం ముందు కనబడుతుంది. చప్పుడు ఆనక వినబడుతుంది. ఎందుకంటే ధ్వని సెకనుకి మూడువందల నలభై మీటర్లే వెళుతుంది. ఈ కాలవ వంద మీటర్లనుకోండి..." అని బోర్డు మీద భాగహారం వేశారు. 0.29 వచ్చింది. సుద్దముక్క అక్కడే ఆగిపోయింది.

వంద మీటర్ల అవతల ఊదిన ఈల. కళ్ళు మూసుకుని విన్న తను. ఈల తన చెవికి చేరేసరికే కుర్రాడు పరుగులో ఉన్నాడు. 10.8 కాదు, 11.1. ఇక్కడా 11.1, హైదరాబాదులో రెండుసార్లూ 11.1. వాడు బెదరలేదు, తగ్గలేదు, ఒళ్ళు దాచుకోలేదు. మూడుసార్లూ ఒక్కలా పరిగెత్తాడు. కాగితం మీద 11.1 అని ఉంటే ఆ కోచ్ వాణ్ణి కళ్ళకద్దుకుని తీసుకునేవాడు. పద్దెనిమిదేళ్ళపాటు పిల్లలకి చెప్పిన పాఠం, అవసరమైన ఒక్కరోజున చెప్పినవాడికే గుర్తు రాలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి ఆయన ఆ పూట ఇంటికి వెళ్ళిపోయారు. గట్టు మీద వేళకాని వేళ ఆయన్ని చూసి ఎవరో వాచీ విదిలించి చెవికి ఆనించుకున్నారట.

మర్నాడే వెళ్ళి చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. వాడికి అప్పుడే కూతురు పుట్టింది, సంతోషంగా ఉన్నాడు, ఇప్పుడెందుకు అనుకున్నారు. 1998లో అమలాపురం కప్పు గెలిచి వ్యానులో పక్కనే కూర్చుని వస్తుంటే నోటిదాకా వచ్చింది, పాటలు పాడుతున్నవాళ్ళ మధ్య ఎందుకని మింగేశారు. రిటైర్మెంటు సభలో 'అర సెకను కూడా తప్పని మనిషి' అని పొగుడుతుంటే, మెడలో దండ వేసింది యెహెజ్కేలే. ఆ దండ బరువుకి ఆయన తల ఎత్తలేకపోయారు. చివరికి ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని, "ఎజ్కేలూ, ఆ హైదరాబాదు సంగతి..." అని మొదలుపెట్టారు కూడా. వాడు పసుపెక్కిన కళ్ళు మూసుకుని, "అదెందుకులెండి మాస్టారూ ఇప్పుడు" అన్నాడు. సరేనని ఊరుకున్నారు. ఊరుకోవడానికి సాకు దొరికినందుకు ఆ క్షణాన తనకి ఎంత తేలికగా అనిపించిందో, ఆ తేలికే ఆయన్ని ఇరవై రోజులుగా నిద్రపోనివ్వడం లేదు.

శనివారం పొద్దున్నే మాస్టారు సంపూర్ణమ్మ ఇంటికి వెళ్ళారు. ఆవిడ అంగన్‌వాడీకి బయల్దేరబోతూ ఆగి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చింది. ఆయన నీళ్ళు తాగకుండా, ఈల దగ్గర నుంచి సుద్దముక్క దాకా అన్నీ చెప్పారు. లెక్క కూడా చెప్పారు. ఆవిడ గుమ్మానికి ఆనుకుని వింది.

"అయితే హైదరాబాదులో ఆయన భయపడలేదన్నమాట" అంది.

"లేదమ్మా. ఇక్కడెలా పరిగెత్తాడో అక్కడా అలాగే పరిగెత్తాడు."

"నిద్దట్లో కూడా ఉలిక్కిపడి లేచేవారండి, కాళ్ళు ఆడటం లేదని." ఆవిడ చీరకొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. "మీకు ఎప్పుడు తెలిసిందండి?"

"పన్నెండేళ్ళయింది."

"మరి ఆయనతో ఎందుకు చెప్పలేదండి?"

దారి పొడుగునా ఆయన ఈ ప్రశ్నకి నాలుగైదు సమాధానాలు తయారు చేసుకున్నారు. ఆవిడ ముఖం చూశాక అవన్నీ పక్కన పెట్టేశారు. "నా పేరు పోతుందని" అన్నారు.

సంపూర్ణమ్మ ఏడవలేదు, తిట్టలేదు. "నాకు వేళవుతోందండి" అని తాళం తీసుకుంది.

ఆదివారం గ్రౌండులో నాలుగు వందల మందికి తక్కువ లేరు. ఫ్లెక్సీ మీద మాస్టారు దిద్ది ఇచ్చిన 11.1 చూసి అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. అచ్చు తప్పు పడిందని కొందరు బుల్లియ్య మీద ఎగిరారు. మాస్టారు మైకు అందుకుని, అచ్చు తప్పు కాదు, నా తప్పు అన్నారు. సభలో ఎప్పుడూ గంట మాట్లాడే మనిషి అయిదు నిమిషాల్లో ముగించారు. ఎలా నొక్కారో, ఎప్పుడు తెలిసిందో, ఎన్నిసార్లు చెప్పకుండా ఊరుకున్నారో, ఒక్కటీ దాచలేదు. "మీరంతా పిలిచిన నంబరు నాది. వాడి నంబరు ఇది. వాడు పిరికివాడు కాడు. పిరికితనం నాది" అని కూర్చున్నారు. చప్పట్లు లేవు. వెనక నుంచి ఎవరో, "పోయినోడిని తగ్గించడానికి పన్నెండేళ్ళు ఆగారా మాస్టారూ" అన్నారు. బుల్లియ్య ఆయన వైపు చూడకుండా కుర్చీలు సర్దడంలో పడ్డాడు. నిన్నటిదాకా లేచి దారి ఇచ్చినవాళ్ళు ఇవాళ కూర్చునే కాళ్ళు పక్కకి జరిపారు.

గేటు దగ్గర సంపూర్ణమ్మ నిలబడి ఉంది. కెజియా తల్లి చెయ్యి పట్టుకుని ఆయన్ని కళ్ళార్పకుండా చూస్తోంది. తండ్రి కాళ్ళే, పొడుగ్గా, సన్నగా.

"ఎల్లుండి పిల్లని కాకినాడ పంపిస్తున్నానండి" అంది సంపూర్ణమ్మ.

"నేను కూడా తోడు వస్తానమ్మా. బస్సులో..." అన్నారు మాస్టారు.

"వద్దండి" అంది ఆవిడ మెల్లగా, మర్యాద తగ్గకుండానే. "అది పరిగెత్తే చోటికి మాత్రం మీరు రావద్దు మాస్టారూ."

"రానమ్మా" అన్నారు ఆయన. వాళ్ళిద్దరికీ దారి ఇస్తూ గేటు పక్కకి తప్పుకుని నిలబడ్డారు.