రెండో సర్వర్‌లో మిగిలిన పాత జాబితా

కరోనా తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను వనపర్తి ప్రాంతీయ కార్యాలయానికి సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా వేశారు. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్ళుంది. మా సంస్థ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాల్లో డయాలసిస్ కేంద్రాలు నడిపేది. మూడింటికీ ఒకటే సాఫ్ట్‌వేర్. ఏ రోగి ఏ రోజు, ఏ షిఫ్టులో, ఏ కుర్చీలో అన్నదంతా అందులోనే ఉండేది. అది పడిపోకుండా చూడటం నా డ్యూటీ. నాకు కోపం ఎక్కువ. ఎవరైనా ఫోన్ చేసి స్క్రీన్ రావడం లేదంటే ముందు వైరు పెట్టారా అని గద్దించేవాణ్ణి, పేరు తర్వాత అడిగేవాణ్ణి.

అసలు డేటాబేస్ హైదరాబాద్‌లో ఉండేది, మా సర్వర్ వనపర్తిలో. మధ్యలో లైను సరిగా ఉండేది కాదు. అందుకని క్యాష్ అనే తాత్కాలిక నిల్వ పెట్టాను. హోటలువాడు పొద్దున కాచిన చాయ్‌ని ఫ్లాస్కులో పోసుకొని, అడిగినవాళ్ళకల్లా అందులోంచే పోస్తాడు కదా, ఇదీ అంతే. ఒకసారి అడిగిన జాబితాకు సర్వర్ ఒక నకలు తన జ్ఞాపకంలో పెట్టుకుంటుంది. మళ్ళీ ఎవరడిగినా హైదరాబాద్ దాకా పోకుండా ఆ నకలే చూపిస్తుంది. ప్రతి నకలుకూ ఒక గడువుంటుంది. లైను పోయినా పని ఆగకూడదని నేను దాన్ని పన్నెండు గంటలు చేశాను. ఈలోగా ఎవరైనా జాబితా మారిస్తే సర్వర్ పాత నకలు పారేసి కొత్తది తెచ్చుకోవాలి. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

శ్రావణమాసపు వానల్లో సర్వర్ రెండుసార్లు పడిపోయింది. వెంటనే రెండోది తెచ్చి పక్కన పెట్టాను. వచ్చే పనిని రెండింటికీ పంచే ఏర్పాటు చేశాను. ఒక కంప్యూటర్ ఒకసారి ఏ సర్వర్‌కు తగిలితే ఇక ఎప్పుడూ దానికే పోతుంది. ఏది ఏ సర్వర్ నుంచి వచ్చిందో నాకు తెలియడానికి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒకటి, రెండు అని అంకె కనబడేలా చేశాను. మేనేజరుగారు మెచ్చుకున్నారు. నేనూ నన్ను బాగానే మెచ్చుకున్నాను.

పత్తి ఏరే రోజుల్లో గద్వాల నుంచి ఫిర్యాదు వచ్చింది. ధరూర్ మండలం నుంచి తిమ్మప్ప అనే రైతు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వచ్చేవాడు. ఆయనది పదకొండు గంటల షిఫ్టు. పొద్దున ఆరింటి షిఫ్టుకు మార్చామని చెబితే వచ్చాడు, తీరా డయాలసిస్ హాలు జాబితాలో ఆయన పేరు లేదు. జాబితాలో పేరు లేనివాళ్ళకు మిషను పెట్టకూడదన్నది మా గట్టి నిబంధన, ఒకరి రక్తం వడకట్టిన ఫిల్టరు ఇంకొకరికి పోతే ప్రాణాల మీదికి వస్తుంది. పదకొండు దాకా ఆయన బల్ల మీద ఆయాసపడుతూ కూర్చున్నాడట.

జాబితా మార్చేది డేటా ఎంట్రీ ఆపరేటర్ షహనాజ్. కాంట్రాక్టు ఉద్యోగి, ముప్పై దాటిన మనిషి, గద్వాలలోనే పుట్టి పెరిగింది. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఆమె డ్యూటీ. "నేను నిన్ననే మార్చిన సార్, నా కండ్లతోని చూసిన," అంది ఫోన్లో. తొమ్మిదింటికి నేను జాబితా తెరిస్తే తిమ్మప్ప పేరు ఆరింటి షిఫ్టులో నిక్షేపంలా ఉంది. అయినా అలవాటు కొద్దీ రెండు సర్వర్లనూ రీస్టార్ట్ చేశాను. రిపోర్టులో "సర్వర్‌లో లోపం లేదు, ఆపరేటర్ ఆలస్యంగా మార్చి ఉండవచ్చు" అని రాసి సంతకం పెట్టాను. ఆమె ఎప్పుడు మార్చిందో డేటాబేస్‌లో నమోదై ఉంటుంది. అది చూడటానికి ఒక నిమిషం పడుతుంది. నేను చూడలేదు.

పది రోజులకు మళ్ళీ అదే జరిగింది. మళ్ళీ రీస్టార్ట్, మళ్ళీ అదే రిపోర్టు, కింద నా సంతకం. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో రాని తేడా గద్వాలలోనే ఎందుకు వస్తోందని మేనేజరుగారు అడిగారు. అక్కడి మనిషిలో తేడా ఉంది కాబట్టి అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మాట్లాడానని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు మాత్రం మహా గట్టిగా అన్నాను.

మూడోసారి తిమ్మప్పకు ఆయాసం ముదిరి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. మధ్యాహ్నం డయాలసిస్ చేసి ఇంటికి పంపారు. మేనేజరుగారు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, రెండు రోజుల్లో మూడో రిపోర్టు ఇవ్వండి, దాని మీద ఆమెను తీసేస్తాం అన్నారు. సరే అని రీస్టార్ట్ ఆజ్ఞ టైపు చేస్తున్నాను. ఫోన్ మోగింది. షహనాజ్.

"సార్, ఒక్క మాట. ఈసారి రీస్టార్ట్ చేయకుండ్రి."

"నా పని నాకు నేర్పుతున్నావా?" అన్నాను.

"నేర్పుడు కాదు సార్. మీరు రీస్టార్ట్ చేసినంక అన్నీ మంచిగుంటయ్. ఏం తప్పుండెనో ఎవ్వరికి తెల్వదు. మిగిలేది నేనే. జర ఒక్కపారి వచ్చి చూడుండ్రి. చూసినంక కూడ నాదే తప్పంటే, నేనే కాయిదం రాసిచ్చి పోత."

ఠక్కున ఫోన్ పెట్టేశాను. ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో నన్నెవరూ అలా అడగలేదు. కానీ చెయ్యి మాత్రం ఎంటర్ కీ మీదికి పోలేదు. ఆమె అన్నది నిజం. ఏ నకలు ఎప్పుడు తీశారో చెప్పే పట్టీ కూడా సర్వర్ జ్ఞాపకంలోనే ఉంటుంది, రీస్టార్ట్ చేస్తే అదీ తుడిచిపెట్టుకు పోతుంది. రెండుసార్లు సాక్ష్యాన్ని నేనే తుడిచేసి, సాక్ష్యం లేదని రాశాను. అప్పుడు డేటాబేస్ తెరిచి సమయం చూశాను. ముందురోజు సాయంత్రం ఆరూ ఇరవై. మిగతా రెండు తేదీలూ చూశాను. రెండూ సాయంత్రాలే. సిగ్గేసింది.

మర్నాడు ఆత్మకూరు మీదుగా బస్సులో గద్వాల వెళ్ళాను. షహనాజ్ కుర్చీ చూపించి పక్కన నిలబడింది, కూర్చోమంటే కూర్చోలేదు. సాయంత్రాలు ఎందుకు మారుస్తున్నావని అడిగాను. మార్పులు మధ్యాహ్నం లోపే చేయాలన్నది రూలు.

"ధరూర్ దిక్కు బస్సులు తక్కువ సార్, షేర్ ఆటోలే. గిప్పుడు పత్తి ఏరుడు కదా, ఆటోలన్నీ కూలోళ్ళకే పోతున్నయ్. రేపు ఏ ట్రిప్పు ఖాళీ ఉంటదో ఆటోవాలకు పొద్దుగూకితేనే తెలుస్తది. గప్పుడు తిమ్మప్ప తాతకు చెప్తడు, తాత నాకు ఫోన్ చేస్తడు. పొద్దుగాల ఒక కుర్సీ ఖాళీ ఉంటే రాస్త. రూలు రూలే అంటే ఆయన ఎట్ల వస్తడు సార్?"

కొల్లాపూర్ నుంచి నాగర్‌కర్నూల్ వచ్చేవాళ్ళకు బస్సుంది, దానికి వేళుంది. వాళ్ళకు షిఫ్టు మార్చే అవసరం రాదు. తేడా గద్వాలలోనే ఎందుకన్న ప్రశ్నకు జవాబు ధరూర్ ఆటోల దగ్గరుందని నాకెలా తోస్తుంది?

ఆ సాయంత్రం ఆరుంబావుకు తిమ్మప్ప ఫోన్ వచ్చింది. నా కళ్ళముందే ఆమె పేరు మార్చింది. స్క్రీన్ మీద సరిగ్గానే ఉంది. హాల్లో టెక్నీషియన్లు జాబితా చూసుకునే ట్యాబ్ వైపు నేను చూడలేదు, చూడాలని తోచలేదు. లాడ్జికి పోయి పడుకున్నాను.

పొద్దున అయిదున్నరకు హాల్లో ఉన్నాను. టెక్నీషియన్ శేఖర్ ట్యాబ్‌లో జాబితా తెరిచి, పేర్లు వైట్ బోర్డు మీద రాసుకుంటున్నాడు. ఒకసారి బోర్డెక్కాక వాళ్ళు మళ్ళీ ట్యాబ్ చూడరు. నాలుగో కుర్చీ ఎదుట ఖాళీ అని రాశాడు. నా లాప్‌టాప్‌లో నాలుగో కుర్చీలో తిమ్మప్ప ఉన్నాడు. రెండు స్క్రీన్లూ పక్కపక్కన పెట్టాను. ఒకే జాబితా, ఒకే నిమిషం, రెండు రకాలు. అడుగున అంకె చూశాను. నాది ఒకటి. ట్యాబ్‌ది రెండు.

అంతే, శేఖర్‌ను ఒక్క మాట అడిగేసరికి విషయమంతా తెలిసిపోయింది. నిన్న సాయంత్రం ఆరింటికి ఇంటికి పోయేముందు శేఖర్ మర్నాటికి కావలసిన ట్యూబులు, ఫిల్టర్లు లెక్క చూసుకోవడానికి ట్యాబ్‌లో జాబితా తెరిచాడు. రెండో సర్వర్ ఒక నకలు పెట్టుకుంది. ఆ తర్వాత షహనాజ్ మార్చింది, ఒకటో సర్వర్‌లో. అది తన పాత నకలు పారేసింది. పక్కదానికి చెప్పలేదు. చెప్పమని నేను రాయలేదు. రెండోది తెచ్చిన రోజు ప్రోగ్రాములో రాయాల్సిన వాక్యాలు నాలుగున్నాయి. వానలు తగ్గాక రాద్దామని నా డైరీలో రాసుకొని మరిచిపోయాను. పన్నెండు గంటల గడువు పొద్దున ఆరింటికి తీరుతుంది. ఆరు దాటాక ఎవరు చూసినా అంతా సవ్యమే. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఆరింటికి తిమ్మప్ప గుమ్మంలో నిలబడి లోపలికి రాకుండానే అడిగాడు. "సారూ, ఇయ్యాలన్న కుర్సీ ఉందా, మల్ల బల్ల మీదనేనా?"

శేఖర్ నా వైపు చూశాడు. ఉందని చెప్పి, నాలుగో కుర్చీ ఎదుట ఆయన పేరు నేనే రాశాను.

అక్కడే కూర్చొని ఆ నాలుగు వాక్యాలూ రాశాను. పరీక్షించి చూసేసరికి పదయింది. రిపోర్టు మళ్ళీ రాశాను. లోపం ఫలానా, చేసింది నేను, ముందరి రెండు రిపోర్టులూ చూడకుండా రాసినవి. మేనేజరుగారు ఫోన్లో, సాంకేతిక కారణం అని రాస్తే సరిపోతుంది కదా, మీ పేరెందుకు అన్నారు. ఆమె పేరు రాసినప్పుడు ఈ మాట మీరూ అనలేదు, నేనూ అనలేదు అన్నాను. నాకు మెమో వచ్చింది. న్యాయంగానే వచ్చింది.

షహనాజ్ డ్యూటీకి రాగానే జరిగింది చెప్పాను. తప్పు నాదే షహనాజమ్మా, మాఫ్ చెయ్యి అన్నాను.

"అయితే ఇగ పొద్దుగూకి కూడ మార్చొచ్చా సార్?" అని అడిగింది.

మార్చవచ్చని చెప్పి, మధ్యాహ్నం రూలు ఎత్తేయమని కూడా రాసి పంపాను. ఆమె అప్పుడు కూర్చొని కంప్యూటర్ తెరిచింది.

నా తర్వాత ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు చెప్పగలిగింది ఇదే. రీస్టార్ట్ చేయకముందు ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టుకోండి. ఫిర్యాదు చేసినవాళ్ళ స్క్రీన్‌ను, వాళ్ళు చూసే వేళకే, వాళ్ళ పక్కన కూర్చొని చూడండి. చూడనిదాని మీద సంతకం పెట్టకండి. రెండో సర్వర్‌లో పాత నకలు తుడవడానికి నాకు నాలుగు వాక్యాలు సరిపోయాయి. ఆమె ఫైల్లోంచి నా పాత రిపోర్టులు రెండూ తీయించడానికి అయిదు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది, అవి బయటికి వచ్చేసరికి నేను రిటైరయ్యాను.