దగ్గుమందు మూతతో కొలిచిన రమ్ము

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నా. కడపలో మా వదిన పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసి నెల దాటింది. "చిన్నాయనా, అమ్మ లేదు" అంది, అంతే. చర్చిలో జ్ఞాపకార్థ కూడికనాడు అందరూ వదిన ప్రార్థన గురించి, నర్సుగా ఆమె చేసిన సేవ గురించి చెప్పినారు. నన్నూ లేపినారు. పాస్టరు ముందర రమ్ము సంగతి ఎట్ల చెప్పేది? దగ్గి కూర్చున్నా.

వదిన మిలిటరీ ఆసుపత్రిలో చేసి రిటైరైంది. క్యాంటీన్లో రమ్ము దొరికేది. అన్న పోయినాక దాన్ని క్రిస్మస్ కేకులోకి ఎండుద్రాక్ష నానబెట్టడానికే తీసేది.

అప్పుడు కరోనా వచ్చింది. పోతా పోతా నా నాలుకను పట్టుకుపోయింది. సంగటి తిన్నా, నాటుకోడి పులుసు తిన్నా, తడి అట్ట నమిలినట్టే. అందరికీ రెండు మూడు నెలల్లో రుచి తిరిగొచ్చింది, నాకు రాలేదు. మొదట రాత్రి తిండి మానేసినా. తర్వాత మధ్యాహ్నానిదీ. చొక్కాలు వదులైనాయి.

వదిన అది చూసింది. "ఆదివారం సాయంత్రం మిద్దె మీదికి రాప్పా" అంది.

దగ్గుమందు మూతతో రెండు మూతల రమ్ము, సుగంధి వేళ్లతో కాచిన నన్నారి షర్బత్తు, సగం నిమ్మకాయ, చిటికెడు ఉప్పు, సోడా. మూడో మూత అడిగితే, "డోసు దాటేదానికి నువ్వేమన్నా ఏనుగువా?" అనేది.

"కండ్లు మూసుకో. ఏముండాది?"

"మంట ఉండాది వదినా."

"మంట రుచి కాదప్పా."

నా గ్లాసులోంచి ఒక చెంచా తాగి, ఆమే చెప్పేది. "నన్నారంటే, మైదుకూరు దారిలో వాన పడబోయే ముందు బస్సు కిటికీలోంచి మొగానికి తగిలే గాలి. నిమ్మకాయంటే, గండికోట అంచున నిలబడి కిందికి చూస్తే కడుపులో కలుక్కుమంటాది చూడు, అది."

నేను కండ్లు మూసుకొనే ఆ బస్సు ఎక్కేవాణ్ని. (ఆ దారిలో ఒక డ్రైవరు ఉండేవాడు, ప్రతి టీకొట్టు ముందరా ఆపేవాడు. ఆయన కథ శానా పెద్దది, పోనీలే.) నీళ్లు చల్లిన మిద్దె ఆవిరి కక్కుతాంటే, పొద్దు కుంకుతాంటే, పెన్న మీదుగా, ఎర్రటి కొండల మీదుగా పోతానే ఉండేవాణ్ని. నోట్లో ఏమీ లేదు. అయినా ఊళ్లన్నీ కనపడేవి. కిందికి దిగినాక, ఆకలి లేకపోయినా, ఆమె పెట్టింది తినేవాణ్ని.

ఒక ఆదివారం, పాపం ముసలామె ఎంత కష్టపడతాందో అని, "నన్నారి తెలుస్తాండాది వదినా! నిమ్మకాయ కూడా!" అన్నా.

ఆమె నవ్వలేదు. "ఈపొద్దు రమ్ములో ఒట్టి నీళ్లే పోసినా. నన్ను సంతోషపెట్టేదానికి రుచి చెప్పొద్దప్పా. నీ నాలుక చెప్పేదాకా నేను కలుపుతానే ఉంటా."

అట్లనే కలిపింది, పోయే ముందు ఆదివారం దాకా. నా నాలుక ఏమీ చెప్పలేదు.

మొన్న ఆదివారం నేనే కలుపుకున్నా. ఇంట్లో నన్నారి లేక చీనీకాయ, అదే బత్తాయి, పిండినా. తాగుతాంటే గింజ ఒకటి పంటి కింద పడి నలిగింది. చేదు. గ్లాసు అడుగున ఇంకో గింజ ఉంటే, తీసి కొరికినా. అదీ చేదే.