బేస్ వాయించిందెవరు: విన్నిపెగ్ నుంచి రెజైనా దాకా

నేను రెజైనా ఎందుకు వెళ్ళానో వింటే మీరు నవ్వుతారు. నన్ను తీసుకెళ్ళిన తిరుపతి అన్న అయితే కారు నడుపుతూ పగలబడి నవ్వాడు. యాభై ఏళ్ళ నాటి ఒక పాటలో బేస్ గిటార్ వాయించిందెవరో తేల్చుకోవడానికి వెళ్ళాను.

కెనడాలోని విన్నిపెగ్‌లో కాలేజీ అయ్యాక సాయంత్రాలు పాత రికార్డులు అమ్మే షాపులో పార్ట్‌టైమ్ చేస్తున్నాను. మా ఓనర్ మార్క్, ఒకప్పుడు టొరంటోలో రికార్డయిన, సోల్ అనే నల్లజాతి సంగీతపు పాటనొకదాన్ని మళ్ళీ విడుదల చేస్తున్నాడు. పాత అట్ట మీద గాయకుడి పేరుంది కానీ, బేస్ వాయించినాయన పేరు లేదు. ఇప్పుడేమో ఇద్దరు పెద్దవాళ్ళు "అది నేనే" అంటున్నారు. ఒకరు టొరంటోలో ఉండే వెర్నన్, ఇంకొకరు రెజైనాలో ఉండే లెస్టర్. ఇద్దరూ ఆ రోజుల్లో స్టూడియో పిలిచినప్పుడల్లా వెళ్ళి వాయించి వచ్చినవాళ్ళే. అట్ట సోమవారం ప్రింటుకు వెళ్ళాలి. "తేలకపోతే ఆ లైను ఖాళీగా వదిలేద్దాం," అన్నాడు మార్క్.

ఖాళీగానా! నాకు ఒళ్ళు మండింది. గుంటూరులో నేను పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేదాన్ని. యాంకర్ కీబోర్డ్ ఆయన పేరు చెప్పేవాడు, ప్యాడ్స్ ఆయన పేరు చెప్పేవాడు, నా దగ్గరికొచ్చేసరికి "అండ్ అవర్ గిటార్ సిస్టర్!" అని చెయ్యి ఊపేసి పోయేవాడు. ఆ మంటే ఇది. "నేను వెళ్ళి తేల్చుకొస్తాను" అనేశాను.

మే నెల, శనివారం, పొద్దున్నే ఆరింటికి బయలుదేరాం. రైడ్ తెలుగు స్టూడెంట్స్ వాట్సాప్ గ్రూపులో దొరికింది, పెట్రోలు ఖర్చుకి రానూపోనూ యాభై డాలర్లు. తిరుపతి అన్నది కరీంనగర్, ఐటీ ఉద్యోగం. రెజైనాలో ఉన్న ఫ్రెండ్ టొరంటో పక్కనున్న వాన్ అనే ఊరికి మారిపోతూ వెట్ గ్రైండర్ వదిలేస్తుంటే, అది తెచ్చుకోవడానికి వెళ్తున్నాడు. ఆయన ఫోన్‌లో నా నంబరు "రెజైనా రైడ్" అని సేవ్ అయి ఉంది.

"గ్రైండర్ కోసం గింత దూరమా అని మా ఇంటామె తిట్టింది. నువ్వు నాకంటె ఘోరమున్నవ్ చెల్లె," అన్నాడు.

దారిలో ఆ పాట పెట్టాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. "బేస్ అంటే ఏది? నాకైతే పాడెటాయన గొంతే వినవడ్తంది."

కారు స్టీరియోలో బేస్ మొత్తం తగ్గించాను. పాట ఉప్పు లేని పప్పులా అయిపోయింది.

"అరె, ఏదో పోయింది!"

"ఆ పోయిందే బేస్ అన్నా!"

బ్రాండన్‌లో కాఫీ తాగి, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నాం. అక్కడి నుంచి రోడ్డు ఎంతకీ వంపు తిరగదు, కునుకు పట్టేస్తుంది. ఎండాకాలంలో వెళ్ళేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి. రెజైనా ఉన్న సస్కచెవాన్ రాష్ట్రంలో, విన్నిపెగ్‌లోలా వేసవికి గడియారం గంట ముందుకు జరపరు, రాష్ట్రం సరిహద్దు దాటగానే గంట కలిసొస్తుంది. నేనది మర్చిపోయి, ఒంటిగంటకని చెప్పి పన్నెండుకే లెస్టర్ గారి తలుపు కొట్టాను.

ఎనభై దాటిన పొడవాటి మనిషి. చేతిలో సగం తిన్న శాండ్‌విచ్‌తోనే తలుపు తీశారు. "సారీ లెస్టర్ అంకుల్!" అన్నాను, అలవాటు కొద్దీ.

"అంకులా? మీ అమ్మ తరఫా, నాన్న తరఫా?" అని నవ్వారు. "నేను రైళ్ళలో పోర్టర్‌గా చేశాను. గంట ముందొచ్చినా మా లెక్కలో తప్పే. లోపలికి రా."

కూర్చున్నాక గొంతు తగ్గించారు. "పాడినవాడు పోయాడు, డ్రమ్స్ వాయించినవాడూ పోయాడు. నా మనవరాలికి ఈ పాట నాదని చెబితే 'ఓకే గ్రాండ్‌పా' అంటుంది. నా పేరు అచ్చులో దానికి చూపించాలమ్మాయ్. అంతే."

పాత బేస్ తీసి, రికార్డుతో పాటు వాయించడం మొదలుపెట్టారు. అబ్బ, ఏం వాయించారండీ! రికార్డులోది ఏదో, గదిలోది ఏదో తెలియలేదు. ప్రతి స్వరం తాళం దెబ్బ కంటే వెంట్రుకవాసి ముందు పడుతోంది. నాకు చిన్నప్పటి సంగీతం క్లాసు అలవాటు, పాట వింటే చెయ్యి దానంతటదే తొడ మీద తాళం వేస్తుంది. వేస్తూనే ఉన్నాను. మధ్యలో శాక్సోఫోన్ వచ్చి వెళ్ళింది. అంతే, చెయ్యి తడబడింది. రికార్డులో బేస్ సరిగ్గా నా దెబ్బ మీద కూర్చుంటోంది, లెస్టర్ గారిది ఇంకా ముందే పరుగెడుతోంది.

ఆయన నా చేతి వంకే చూస్తున్నారు. ఆపేశారు. మళ్ళీ వాయించారు. మళ్ళీ అక్కడే విడిపోయింది.

"ఇది నేను కాదు," అన్నారు మెల్లగా. "ఆ రోజు చివర్లో గాయకుడు తడబడ్డాడు. ఇంకోసారి తీద్దామన్నారు. నాకేమో రైలు డ్యూటీ టైమయింది. పర్లేదు, సర్దుకుంటాం, వెళ్ళమన్నారు. ఇలా సర్దుకున్నారన్నమాట."

ఆయన ముఖం వాడిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. పేరు ఇప్పిద్దామని వచ్చి, ఉన్న పాటలో సగం లాగేసుకున్నాను కదా అనిపించింది. ఇంతలో ఆయనే, "వెర్నన్ నంబరుందా?" అన్నారు. మార్క్ ఇచ్చాడు, ఉంది. స్పీకర్లో పెట్టాను.

"చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేశాను," అంది అవతలి గొంతు, కస్సుమంటూ.

"శాక్సోఫోన్ అయ్యాక వాయించింది నువ్వే వెర్నన్. చాలా బాగా వాయించావు."

అవతల గొంతు మెత్తబడింది. "మర్నాడు నన్ను పిలిచారు. పాట మొత్తం వాయించాను. మొత్తం నాదే వాడారనుకున్నాను."

"మొదటి భాగం ఒకసారి విను."

ఫోన్ పక్కన రికార్డు పెట్టాను. శాక్సోఫోన్ దాకా విని వెర్నన్ గారు, "నా చెయ్యి అంత తొందరపడదు. అది నువ్వే లెస్టర్," అన్నారు.

నేను గట్టిగా చప్పట్లు కొట్టేశాను! రెండు రోజుల టేపుల్ని కోసి అతికించారు, ఇద్దరూ ఇన్నేళ్ళూ నిజమే చెబుతూ దెబ్బలాడుకున్నారు. ఆ వెంటనే ఎవరి పేరు ముందుండాలని మళ్ళీ మొదలు! "మొదలుపెట్టింది నేను" అని ఈయన, "ముగించింది నేను" అని ఆయన. ఆఖరికి లెస్టర్ పేరు ముందు వేయడానికి ఒప్పుకున్నారు. అక్కడి నుంచే మార్క్‌కి రెండు పేర్లూ పంపించాను. "రెండూ వేస్తున్నా" అని జవాబొచ్చింది. లెస్టర్ గారు ఆ మెసేజ్‌ని ఫోటో తీసి మనవరాలికి పంపుకున్నారు.

మూడింటికి తిరుగు ప్రయాణం. వెనక సీట్లో గ్రైండర్‌కి సీట్‌బెల్టు పెట్టి ఉంది. కలిసొచ్చిన గంట సరిహద్దులో మళ్ళీ పోయింది, పోతే పోనీ అనుకున్నాను. తిరుపతి అన్నకి జరిగిందంతా చెప్పి పాట పెట్టాను. ఈసారి ఆయన రేడియో నాబ్ కూడా ముట్టుకోనివ్వలేదు. బ్రాండన్ దాటాక, సూర్యుడు వెనక అద్దంలో దిగుతుండగా, ఎన్నోసారో శాక్సోఫోన్ అయిపోయింది.

"ఇగో! రెండో ఆయన వచ్చిండు!" అని స్టీరింగ్ మీద చరిచాడు. తర్వాత గొంతు సవరించుకుని, అచ్చం పెళ్ళి యాంకర్‌లా, "బేస్ గిటార్ మీద... లెస్టర్! వెర్నన్! ఇంకా..." అని ఆగి నా వైపు తిరిగాడు. "నీ పేరు పూర్తిగ ఏంది చెల్లె?"

"చుండూరు హారిక," అన్నాను.

"బేస్ గిటార్ మీద, చుండూరు హారికా!" అని ఆ ఖాళీ హైవే మీద గట్టిగా అరిచాడు.