తల్లికి జబ్బు ఏమీ లేదు

ఆసుపత్రి రికార్డుల గదిలో ఇరవై రెండేళ్లుగా ఫారాల్లో గళ్లు నింపుతున్నందుకు అందరూ ఆవిడను గళ్లక్క అంటారు. ఆవిడకు దక్కిన ప్రమోషన్ అదొక్కటే. పసిపిల్లల వార్డు నుంచి వచ్చే ప్రతి ఫారంలోనూ ‘తల్లికి ఉన్న జబ్బు’ అనే గడి ఉంటుంది. అందులో ఎప్పుడూ ‘ఏమీ లేదు’ అనే ఉంటుంది. ఆ ఫారాలను నమ్మితే ఇక్కడి బాలింతలంత ఆరోగ్యవంతులు భూమ్మీద లేరు. వాళ్ల పిల్లలే ఎందుకో సరదాగా వెంటిలేటర్ మీదికి వస్తుంటారు.

ఆ రోజు వచ్చిన ఫారం మూడు రోజుల పాపది. నెలలు నిండాయి, బరువు బాగుంది, గుండె బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నాయి. ఊపిరి తీసుకోవడం తప్ప అన్నీ బాగున్నాయి. తల్లి సంతకం చేయాల్సిన చోట భర్త సంతకం ఉంది. తప్పు సంతకమంటే గళ్లక్కకు పంటికింద రాయి. ఫారం పట్టుకుని బాలింతల వార్డుకు మెట్లెక్కింది.

మంచం పక్కన అత్తగారు కూర్చుని ఉంది. కోడలి కనురెప్పలు సగానికి వాలిపోయి ఉన్నాయి.

“అమ్మాయికి జబ్బేమైనా ఉందా అండీ?”

“బద్ధకం ఉంది. దానికి మందుంటే చెప్పండి,” అంది అత్తగారు. “పొద్దున బాగానే ఉంటుంది. సాయంత్రమయ్యేసరికి నిద్రమొహం. మావాడు నిద్రగన్నేరు అనే పిలుస్తాడు.”

ఇంటిల్లిపాదీ తేల్చిన ఈ రోగానికి ఒక్క రక్తపరీక్ష కూడా అవసరం పడలేదు.

“నువ్వు చెప్పమ్మా,” అంది గళ్లక్క.

“సగం తినేసరికి దవడ ఆడదక్కా. జడ వేసుకుంటుంటే చేతులు కిందికి జారిపోతాయి. ఒక్కోసారి ఒకటి రెండుగా కనబడుతుంది.”

“డాక్టర్లకి చెప్పలేదా?”

“వాళ్లు ఏమడిగినా ఆయనే చెప్పేసేవారు.”

గడి అంగుళమే ఉంది. గళ్లక్క ఆ మాటలన్నీ ఫారం వెనక రాసి, పిల్లల డాక్టరమ్మకు తీసుకెళ్లి ఇచ్చింది.

“ఫారం నింపమంటే కథలు రాస్తున్నారా?” అంది డాక్టరమ్మ. రెండోసారి చదివి, పైన బాలింతల వార్డుకు వెళ్లింది. తల్లిని రెప్ప వేయకుండా పైకప్పు చూడమంది. నిమిషం తిరక్కుండానే తల్లి రెప్పలు వాటంతటవే వాలిపోయాయి. తర్వాత చేసిన పరీక్షలూ అదే చెప్పాయి.

“నరాలు చెప్పేది కండరాలకు అందనివ్వని జబ్బు ఇది,” అని భర్తకు వివరించింది. “ఆవిడ రక్తం నుంచి కొంత పాపకీ చేరింది. అందుకే ఊపిరి పీల్చే బలం లేదు. మందు మొదలుపెడతాం. పాపకి కొన్ని వారాల్లో పోతుంది. ఆవిడ మాత్రం మందులు వాడుతూనే ఉండాలి.”

“అంటే బద్ధకం కాదాండీ?” అన్నాడతను, చాలా బాధగా. అయిదేళ్లుగా వాడుకున్న జోకు చేజారిపోయింది మరి.

తొమ్మిదో రోజున పాపకు వెంటిలేటర్ గొట్టం తీశారు. అదే రోజు గళ్లక్కకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా సీటు వదిలి ముప్పావుగంట ఎక్కడికి వెళ్లారో, ఫారం వెనక ఎందుకు రాశారో సంజాయిషీ ఇవ్వాలట. ‘లిఫ్టు పని చేయలేదు, మెట్లెక్కాను’ అని రాసిచ్చి, మర్నాడు పదింటికి కొత్త ఫారాలు పట్టుకుని మళ్లీ బాలింతల వార్డుకు బయల్దేరింది.

పాప మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది ఆ వారంలోనే. కింద రికార్డుల గదిలో కూర్చునే విన్నానంటుంది గళ్లక్క. మధ్యలో రెండంతస్తులున్నాయి. అయినా ఆ మాట ఎవరూ కాదనరు.