ఫోల్డర్‌లో దొరకని ఒళ్లు

జనగామ స్టేషన్ రోడ్డు మీద నా దుకాణం బోర్డు చూస్తే వెబ్‌సైట్లు, లోగోలు, బ్రాండింగ్ అని అన్నీ పెద్ద పెద్ద మాటలే. లోపలికి వచ్చేవాళ్లు మాత్రం ఎక్కువ మంది ఫ్లెక్సీ కోసమే వస్తారు. వచ్చీరాగానే నా కుర్చీ వెనక్కి చూసి, సార్ లేడా అని అడుగుతారు. సార్ ఎవరూ లేరు, ఉన్నదంతా నేనే అని చెప్పి కూర్చోబెడతాను. దుకాణం పెట్టిన రోజు నుంచి ఈ మాట చెబుతూనే ఉన్నాను.

వెబ్‌సైట్ పనులు దూరం నుంచి వస్తాయి. భూపాలపల్లిలో ఒక కోచింగ్ సెంటర్, కొడకండ్లలో ఒక విత్తనాల షాపు, మహబూబాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖాన. కోచింగ్ సెంటర్ ఆయనకు మొదటి పేజీలోనే తను చేతులు జోడించిన ఫొటో, వాళ్ల నాయిన ఫొటో, ఇద్దరు దేవుళ్లు, కోర్సులన్నీ, ఫీజు రాయితీ అన్నీ ఒక్క చూపులో కనబడాలి. అది వెబ్‌సైట్ కాదు, ఫ్లెక్సీ అన్నాను. అదే కావాలె అన్నాడు. చేసిచ్చాను. నాకు కోపం తొందరగా వస్తుంది. కానీ కోపంతో షాపు కిరాయి కట్టలేం కదా.

శ్రద్ధాంజలి ఫ్లెక్సీలకు మా పనిలో ఒక పద్ధతి ఉంది. పోయిన మనిషికి సరైన ఫొటో ఉండదు. ఆధార్ కార్డు మీదిదో, పెళ్లి గుంపులోదో, మెడ దాకా ఉన్న ముఖం ఒకటి తెస్తారు. మేం ఆ ముఖాన్ని కత్తిరించి, తయారుగా ఉన్న ఒంటి మీద అతికిస్తాం. నా కంప్యూటర్‌లో ‘ఒళ్లు’ అని ఒక ఫోల్డర్ ఉంది. ఆడవాళ్లకు పట్టుచీరలు, మగవాళ్లకు కోట్లు. జన్మలో చొక్కా గుండీలు పెట్టుకోని తాతలకు టై కట్టి మరీ పంపించాను. ఇంటివాళ్లు మురిసిపోతారు. బతికున్నప్పుడు ఇట్లా చూసుకోలేకపోయామే అని కళ్లు తుడుచుకుంటారు. నేనూ పుణ్యమే చేస్తున్నాననుకునేదాన్ని.

మహబూబాబాద్ దవాఖానకు ఫొటోలు తీయడానికి పోయినప్పుడు అక్కడి నర్సు ఒకామె పరిచయమైంది. లంబాడీ అమ్మాయి. వాళ్ల తండా టౌన్ నుంచి ఆటోలో అరగంట. మొన్న చలికాలంలో ఆమె ఫోన్ చేసి వాళ్లమ్మ చనిపోయిందని చెప్పింది. దశదిన కర్మ రోజుకు తండా మలుపు దగ్గర ఫ్లెక్సీ కట్టాలట. బ్యాంకు పాసుబుక్కు కోసం తీయించిన చిన్న ఫొటో వాట్సాప్‌లో పంపింది. మెడ దాకా ముఖం, రెండు చెంపల పక్కన వేలాడే వెండి సొమ్ములు, గడ్డం మీద పచ్చబొట్టు. అంతకు మించి ఇంట్లో ఒక్క ఫొటో లేదు. ఎవరు సెల్లు ఎత్తినా ఆమె ముసుగు అడ్డం పెట్టుకునేదట. మంచిగ చెయ్యి అక్కా అని మాత్రం చెప్పి పెట్టేసింది.

మంచిగా అంటే నాకు తెలిసింది ఒకటే. ఎర్ర పట్టుచీర, ఆకుపచ్చ అంచు ఉన్న ఒళ్లు తీసి ముఖం అతికించాను. చీరకు అతకడం లేదని వెండి సొమ్ములు చెరిపేశాను. మచ్చలా కనబడుతుందని పచ్చబొట్టు తుడిచాను. చేయి తిరిగిన కొద్దీ నుదుటి ముడతలు కూడా పోయాయి. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అన్నట్టు నా పని నాకే ముచ్చటేసింది. పంపించాను.

నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు లేదు. మధ్యాహ్నం దాకా చూసి నేనే ఫోన్ చేశాను. నచ్చలేదా, ఏం మార్చాలో చెప్పాలి కదా అని కొంచెం కటువుగానే అడిగాను. 

"మా నాయినకు చూపెట్టిన అక్కా. గీమె ఎవరి పెండ్లాం అని అడిగిండు."

ఆమే మెల్లగా చెప్పుకొచ్చింది. ఉద్యోగం వచ్చిన కొత్తలో వాళ్లమ్మ అద్దాల రవిక, మడతల లంగా, మోచేతి పైదాకా గాజులతో దవాఖానకు వస్తే కూతురికి నామోషీ అనిపించింది. తోటివాళ్లు నవ్వుతారని ఒక చీర కొనిచ్చి, ఈసారి ఇది కట్టుకొని రమ్మన్నది. తల్లి ఒక్కసారి కట్టుకొచ్చింది. బెంచీ మీద ఒక గంట ముడుచుకొని కూర్చొని పోయింది. మళ్లీ దవాఖాన గడప తొక్కలేదు.

"బతికున్నప్పుడు నేనే చీర కట్టుకొమ్మన్న. సచ్చినంక గూడ మల్ల నేనే కట్టిచ్చినట్టయింది. మా అమ్మ మా అమ్మ తీర్గనే ఉండాలె అక్కా. ఇంకేం వద్దు."

కర్మకు నాలుగు రోజులే ఉన్నాయి. చేస్తానని మాటైతే ఇచ్చాను గానీ, ఫోల్డర్ తెరిచి చూస్తే ఆ వేషంలో ఉన్న ఒళ్లు ఒక్కటీ లేదు. మహబూబాబాద్‌ను మా దిక్కు మానుకోట అనే అంటారు, దాని చుట్టూ ఎటు పోయినా తండాలే. ఇన్నేళ్లలో ఎంతమంది లంబాడీ అవ్వలకు ఫ్లెక్సీలు చేశానో లెక్క లేదు. అందరికీ చీరలు చుట్టి పంపాను. ఎవరూ అడగలేదు కాబట్టి నాకూ తట్టలేదు. అప్పుడు మాత్రం నిజంగా సిగ్గేసింది. ఇంటర్నెట్‌లో వెతికితే నడుం మీద చెయ్యి పెట్టుకొని నవ్వే మోడళ్లు, స్టేజీ మీద గిరగిరా తిరిగే డాన్సర్లు దొరికారు. ఆ ఒంటి మీద ఈ ముఖం పెడితే ముందు చేసిన తప్పు కంటే పెద్ద తప్పవుతుంది.

తెల్లారి రైలెక్కి మానుకోటలో దిగి, ఆటోలో తండాకు పోయాను. పోయినామె బట్టలు తీసుకొని ఎవరికైనా తొడిగించి ఫొటో తీద్దామని నా ఆలోచన. బట్టలన్నీ ఆమెతోపాటే సాగనంపామన్నారు. ఏం చేయాలో తోచక అరుగు మీద కూర్చున్నాను. అప్పుడు ఆమె చెల్లెలు, అంటే నర్సుకు చిన్నమ్మ, తన బట్టలు పనికొస్తాయా అని అడిగింది. అదే ఎత్తు, అదే లావు. బట్టలే కాదు, మనిషే కావాలన్నాను.

ఆమె ముఖం కడుక్కొని, బొట్టు పెట్టుకొని వచ్చి గోడ పక్కన నీడలో కూర్చున్నది. ఫొటోలో నీ ముఖం రాదవ్వా అని చెబితే, మరి ముఖమెందుకు కడుక్కోనిచ్చినవ్ అని నన్నే తిట్టింది. నేను చేతులు ఒళ్లో పెట్టుకోమన్నాను. ఆమె పెట్టుకోలేదు. అక్క అట్లా కూర్చోదని, ఒక మోకాలు లేపి దాని మీద మోచెయ్యి ఆనించుకుంటుందని చెప్పి, అట్లాగే కూర్చున్నది. దూరంగా మంచంలో ఉన్న ఆమె బావ, అంటే నర్సు వాళ్ల నాయిన, అది చూసి తల అవతలికి తిప్పుకున్నాడు. నేను నాలుగైదు తీశాను. పక్కకు జరిగి ఇంకో రెండు తీశాను.

ఈసారి ముఖంలో ఏదీ ముట్టుకోలేదు. సొమ్ములు, పచ్చబొట్టు, ముడతలు, ఎడమ కన్ను కింద చిన్న పులిపిరి, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచాను. చిన్న ఫొటో కాబట్టి పెద్దగా చేస్తే ముఖం కొంచెం మసకబారింది. ఉండనీ అనుకున్నాను. మానుకోట ప్రెస్సులో మెషీన్ పక్కనే నిలబడి ప్రింట్ చేయించాను.

కర్మ రోజు నేను పోవాల్సిన పని లేదు. ఉండబట్టలేక పోయాను. మలుపు దగ్గర రెండు కర్రలకు ఫ్లెక్సీ కట్టి ఉంది. నర్సు వాళ్ల నాయినను చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. ఆయన చాలాసేపు చూశాడు. వాళ్ల భాషలో భార్యను పేరు పెట్టి పిలిచాడు. కూతురు అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, దాచుకోలేదు.

కాసేపటికి చిన్నమ్మ వచ్చింది. ఫ్లెక్సీలో ఉన్న తన చేతులు, తన గాజులు, తన మోకాలు ఒక్కొక్కటే చూసుకొని నా వైపు తిరిగింది.

"నేను పోయిన్నాడు గీ ఒంటికే నా మొకం పెడ్తవా బిడ్డా?"

అట్లా అనొద్దవ్వా అన్నాను. ఆమె నా మాట పట్టించుకోకుండా మళ్లీ ఫ్లెక్సీ వైపు చూసింది.

"వద్దు తియ్యి. గిది మా అక్కది. నన్ను వేరేగ తియ్యి, ఇప్పుడే, మొకంతోటి."

కెమెరా సంచిలోనే ఉంది. అదే గోడ పక్కన ఆమెను నిలబెట్టి తీశాను. ఆమె కదలకుండా, నవ్వకుండా, నిటారుగా నిలబడింది. అది చూసి వదిన వరసామె వచ్చింది, ఆమె వెనక పక్కింటామె వచ్చింది. భోజనాలకు కూర్చోబోతున్న ముసలవ్వలు లేచి ముఖాలు కడుక్కొని వచ్చారు. కాళ్ల కడియాలు కూడా రావాలని ప్రతి ఒక్కరూ చెప్పారు. ఎందుకు తీయించుకుంటున్నారో వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు.

పదకొండో అవ్వ దగ్గర బ్యాటరీ అయిపోయింది. అందరిలోకీ పెద్దామె, కర్ర పట్టుకొని వచ్చింది. వచ్చే వారం వస్తానవ్వా అన్నాను.

"వారందాక ఎవరు చూడొచ్చిండ్రు బిడ్డా. రేపు పొద్దుగాల్నే రా."

పొద్దున మొదటి రైలుకే పోయాను.