విల్సన్ గారి దాయాదులు

విజయవాడ భవానీపురంలో మా వీధి చివర పాత పుస్తకాల బండి ఒకటి ఉంది. తుంపర పడితే చాలు, దాని మీది జనరల్ నాలెడ్జి పుస్తకాలు నానిన అట్ట వాసన వేస్తాయి. ఆ వాసన తగిలిన రోజు నాకు విల్సన్ల మీద కోపం వస్తుంది. నిజానికి వాళ్ళు నాకు చేసిన అపకారమేమీ లేదు. చేసిందంతా మా తాతయ్య.

కూచిపూడి పక్క పల్లెలో, వేసవి సెలవుల్లో, ఆవపిండి ఘాటుకి ఇల్లంతా తుమ్ముతూ ఆవకాయ కలుపుతుంటే, ఆయన నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని, ముంజలు ఒలిచి పెడుతూ, బడి క్విజ్ పోటీకి తయారుచేసేవాడు. గెలిచినవాళ్ళని విజయవాడ పోటీకి రైల్లో తీసుకెళ్తారు, నేనప్పటికింకా రైలెక్కలేదు. దారిన పోయేవాళ్ళని ఆపి, ఇంటిపేరడిగి, గ్లాసులో మజ్జిగ అయిపోయేలోగా చుట్టరికం తేల్చడం తాతయ్య అలవాటు. నా జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఒక పేజీ నిండా విల్సన్లే: ఒకాయన దేశాన్నేలాడు, ఒకాయన మబ్బుల మీద పరిశోధన చేశాడు, ఒకావిడ పాటలు పాడింది. తాతయ్య అందరినీ ఒకే వంశంలో సర్దేశాడు.

"ఏలినాయన పెద్దాయన కొడుకు, మబ్బులాయన చిన్నాయన కొడుకు, ఆవిడ ఇంటి ఆడపడుచు. గుర్తెట్టుకోవే."

గుర్తుపెట్టుకున్నాను. బడి తెరిచాక పోటీలో మేష్టారు సరిగ్గా ఆ ఏలినాయనకీ మబ్బులాయనకీ చుట్టరికమేమిటని అడిగారు. "అన్నదమ్ముల బిడ్డలండీ" అన్నాను, అడక్కపోయినా ఆడపడుచుని కూడా కలిపి. బడంతా నవ్వింది.

"ఏ చుట్టరికమూ లేదమ్మా. పేరొక్కటే కలిసింది."

పోటీ చూడ్డానికొచ్చి వెనక బెంచీలో కూర్చున్న తాతయ్య లేచాడు. "అదేంటండీ మేష్టారూ! ఇంటిపేరొకటైతే దాయాదులు కారా? వాళ్ళలో వాళ్ళు పిల్లనిచ్చి పుచ్చుకుంటారా?"

"నిక్షేపంగా పుచ్చుకుంటారండీ."

"మరి ఇంటిపేరెందుకండీ వాళ్ళకి?"

మేష్టారు తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు. మార్కులు మాత్రం నాకే పోయాయి. విజయవాడకి ఎదురింటి సుబ్బలక్ష్మి వెళ్ళింది. వాళ్ళ తాతకి చదువు రాదు, అదృష్టవంతురాలు.

కాలవగట్టు మీద నేను వెక్కుతూ నడుస్తుంటే తాతయ్య పక్కనే వచ్చాడు. నన్ను ఓదారుస్తాడనుకున్నాను. "పాపం, అంత పెద్ద కుటుంబం! ఎక్కడ విడిపోయారో" అని విల్సన్ల కోసం నిట్టూర్చాడు. అప్పుడు ఏడుపు పోయి ఒళ్ళు మండింది. ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

తాతయ్యలా దారిలో ఆపి ఇంటిపేరడిగేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. మా అపార్టుమెంటులో నన్ను 'మూడువందల నాలుగు గారూ' అంటారు. ఎదురు ఫ్లాటు తలుపు మీద మా పుట్టింటి ఇంటిపేరే ఉంది. మొన్న లిఫ్టులో ధైర్యం చేసి, "మీదే ఊరండీ?" అని ఆ ఫ్లాటాయన్నడిగాను.

"మూడో ఫ్లోరండీ" అన్నాడాయన, ఫోన్లోంచి తలెత్తకుండా.