వెనుక కోసిన దిండు

మోండా మార్కెట్‌లోని చీరల దుకాణంలో ఫాల్ కుట్టే కల్పలత, యజమాని ఏడాదిగా బాగుచేయించని మెట్టు మీద జారి తోక ఎముకకు దెబ్బ తగిలించుకుంది. నాటినుంచి ఇనుప స్టూలుపై కూర్చోవడం ఆమెకు శిక్ష. డాక్టరు చెప్పినట్టు, దెబ్బ తగిలిన చోటు ఆనకుండా వెనుకవైపు కోసిన స్పాంజి దిండు వేసుకుని కుడుతుంది. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తుంది. మెత్తటి పరుపుపై కూర్చునే యజమాని ఓంప్రకాశ్ సేట్‌కు ఆ దిండు కంటగింపు. ఒకనాడు దాన్ని లాగి మూలకు విసిరేశాడు.

"గిరాకీ ముంగట గిదేందమ్మా? మొలలు అనుకుంటరు. కుడితే కుట్టు, లేకుంటే ఇంటికి నడువు."

"దిండు లేకుంటే కుట్టను సేట్," అని కల్పలత చేతులు కట్టుకుని నిలబడింది. సాయంత్రానికి ముప్పై చీరలకు ఫాల్ కావాలని దుకాణంలో కూర్చున్న పెళ్లివాళ్లు సేట్ వైపు తిరిగారు.

"సరే, తెచ్చుకో," అని గొణిగాడు.

"కిందికి వంగితే సలుపుతది. ఇసిరినోళ్లే తేవాలె."

పెళ్లివాళ్లందరూ చూస్తుండగా సేట్ నడుము వంచాడు.